తూటాల చేతి తయారీ: చరిత్ర

పేలిపోయిన తూటా తాలూకు ఇత్తడి గొట్టంలో మందు, గుండు మళ్లీ అమర్చుకోవడాన్ని తూటాల చేతి తయారీ అంటారు. సీసం కరిగించి గుండ్లు సొంతంగా పోత పోసుకోవడం, కొత్త ఆకారాలు ప్రయత్నించడం కూడా ఇందులో భాగమే. అమెరికాలో ఇది వేటగాళ్లకూ గురిపందాల వాళ్లకూ వ్యాపకం. భారతదేశంలో లైసెన్సు లేకుండా చేస్తే నేరం. ఇత్తడి గొట్టం రాకముందు, పంతొమ్మిదో శతాబ్ది మధ్య దాకా మాత్రం, తుపాకీ పట్టిన చాలామందికి మందు, గుండు తామే సిద్ధం చేసుకోవడం రోజువారీ పనే.

గజం, రంజకం రోజులు

మూతి వైపు నుంచి మందు పోసే తుపాకీకి ఇప్పటి తూటా లాంటి వస్తువు అక్కరలేదు. మందు పోసి, గుండు వేసి, గజంతో దట్టించి, రంజకం అంటించి పేల్చేవారు. ఒక తుపాకీ గుండు మరో తుపాకీకి పట్టకపోవచ్చు కనుక, చాలామంది తుపాకీతో పాటే దాని కొలతకు సరిపడే అచ్చు కూడా దగ్గర పెట్టుకునేవారు. సన్న రవ్వల తయారీ 1782లో మారింది. బ్రిస్టల్‌కు చెందిన విలియం వాట్స్ కరిగిన సీసాన్ని ఎత్తు నుంచి జల్లెడ గుండా నీళ్లలోకి జారవిడిచే పద్ధతికి పేటెంటు తీసుకున్నాడు. దారిలోనే చుక్కలు గుండ్రంగా గట్టిపడేవి.

మందుకు ప్రాణం సురేకారం. పదిహేడో శతాబ్దంలో డచ్చి, ఇంగ్లీషు కంపెనీలు దాన్ని కోరమాండల్ తీరం నుంచి ఓడల్లో తరలించాయి. ఆ తర్వాత వారి దృష్టి బీహారు సరుకు వైపు మళ్లింది. హైదరాబాదులో నిజాం కొలువులోని ఫ్రెంచి సేనాని మిషెల్ రేమండ్ 1795లో ఫిరంగులు, ఫిరంగి గుండ్లు పోత పోసే కార్ఖానా పెట్టాడు. జనం దాన్ని తోప్ కా సాంచా అన్నారు. నేటి గన్‌ఫౌండ్రీ పేట పేరు అక్కడి నుంచే వచ్చింది.

కొవ్వు పూసిన కాగితం

మందునూ గుండునూ ఒకే కాగితపు పొట్లంలో చుట్టి ఇవ్వడంతో పని తేలికైంది. ఆ పొట్లమే భారత చరిత్రలో నిప్పు రాజేసింది. ఎన్‌ఫీల్డ్ తుపాకీ తూటాలకు ఆవు కొవ్వు, పంది కొవ్వు పూశారన్న మాట 1857 జనవరిలో కలకత్తా దగ్గరి డమ్‌డమ్ నుంచి పాకింది. ఆ నెలాఖరుకే కంపెనీ ప్రభుత్వం దిగివచ్చింది: కొవ్వు లేని తూటాలే పంపిస్తాం, సిపాయిలు తమకు నచ్చిన పూత తామే వేసుకోవచ్చునంది. అప్పటికే అనుమానం పాతుకుపోయింది.

ఆ సెగ రాయపూర్‌కూ తగిలింది. అక్కడ 1857 డిసెంబరు 10న సోనాఖాన్ జమీందారు వీర నారాయణ్ సింగ్‌ను ఉరితీశారు. ఆ మరుసటి నెల 18న మూడో రెజిమెంటులో మ్యాగజీన్ లష్కర్‌గా ఉన్న హనుమాన్ సింగ్ సార్జెంట్ మేజర్ సిడ్వెల్‌ను చంపి తిరుగుబాటు మొదలుపెట్టాడు. మందుగుండు కొట్టు కొలువులో ఉన్నవాడే తిరగబడ్డాడన్నమాట. అతను తప్పించుకుపోయాడు. అతని సహచరులు 17 మందిని జనవరి 22న ఉరితీశారు.

ఇత్తడి వచ్చాక

ఇత్తడి తూటాతో తయారీ చేతి నుంచి ఫ్యాక్టరీకి వెళ్లిపోయింది. పుణె దగ్గరి ఖడ్కీలో మందుగుండు ఫ్యాక్టరీ 1869లో మొదలైంది. డమ్‌డమ్ ఆయుధశాలలో కెప్టెన్ బర్టీ-క్లే 1890లలో రూపొందించిన గుండు ఒంట్లోకి దిగాక విచ్చుకునేది. అలాంటి గుండ్లను యుద్ధాల్లో వాడరాదని 1899లో హేగ్ సమావేశం ప్రకటించింది.

అదే ఇత్తడి గొట్టం ఇంకో దారి కూడా తెరిచింది: పేలాక పారేయకుండా మళ్లీ నింపవచ్చు. 1866 ప్రాంతంలో ఇంగ్లండువాడు బాక్సర్, అమెరికావాడు బెర్డన్ రెండు రకాల ప్రైమర్లు (దెబ్బ తగలగానే మందును అంటించే చిన్న మూతలు) కనిపెట్టారు. విచిత్రంగా బాక్సర్‌ది అమెరికాలో, బెర్డన్‌ది ఐరోపాలో స్థిరపడ్డాయి. బాక్సర్ గొట్టానికి అడుగున నడుమ ఒకే రంధ్రం ఉంటుంది కనుక వాడిన ప్రైమర్‌ను తీసేయడం సులువు. అమెరికాలో ఈ వ్యాపకం వేళ్లూనడానికి ఇదొక కారణం. దున్నల వేటగాళ్లు 1870లలో మైదానంలోని గుడారాల్లోనే తూటాలు నింపుకునేవారు. జాన్ బార్లో 1884లో ఐడియల్ కంపెనీ పెట్టి చేతి పనిముట్లు అమ్మాడు.

రెండో ప్రపంచయుద్ధ కాలంలో తూటాలు మార్కెట్లో దొరకలేదు. అప్పుడు ఫ్రెడ్ హంటింగ్టన్ కాలిఫోర్నియాలో తండ్రి లాండ్రీ వెనుక గదిలో గుండ్ల అచ్చులు చేసి 1943లో ఆర్‌సీబీఎస్ సంస్థను మొదలుపెట్టాడు. ప్రయోగాలు కూడా వట్టినే పోలేదు. నెడ్ రాబర్ట్స్ అనే ఔత్సాహికుడు ప్రయోగాలు చేసి రూపొందించిన తూటాను రెమింగ్టన్ కంపెనీ 1934లో తన సరుకుగా విడుదల చేసింది. ప్రమాదాలూ తక్కువ కావు: మందు కొలత తప్పితే బ్యారెల్ పగలవచ్చు, సీసపు పొగ, ధూళి ఒంట్లో పేరుకుంటాయి.

చట్టం, పంట కాపలా

భారతదేశంలో 1878 ఆయుధాల చట్టం భారతీయులకు లైసెన్సు తప్పనిసరి చేసి, ఐరోపావారిని మినహాయించింది. స్వతంత్ర భారతంలోని 1959 చట్టం ఆ వివక్షను తీసేసింది గానీ, పట్టు సడలించలేదు. తూటా భాగాలనూ, తూటాలు చేసే యంత్రాలనూ కూడా అది మందుగుండు కిందే లెక్కగట్టింది. తయారీకి విడిగా లైసెన్సు ఉండాలి.

ఒక పాత అలవాటుకు మాత్రం ఆ చట్టంలోనే చోటు మిగిలింది. నిజంగా పంట కాపలా కోసమే అయితే మూతి నుంచి మందు దట్టించే తుపాకీకి 13వ సెక్షన్ కింద లైసెన్సు ఇవ్వవచ్చు. బస్తర్‌లోనూ తెలంగాణలోనూ దీన్నే భర్మార్ అంటారు. అడవిపందుల నుంచి చేను కాపాడుకునే రైతు ఇలా పూర్వపు గజాన్ని చేతిలో నిలుపుకున్నాడు.

ఫ్యాక్టరీ తూటాకూ చేత్తో దట్టించే మందుకూ ఉన్న తేడా తిరుగుబాట్లలోనూ కనిపిస్తుంది. తూటా ఫ్యాక్టరీ సరుకయ్యాక దాన్ని అడవిలో చేసుకోవడం కుదరదు. అందుకే 1922 ఆగస్టులో అల్లూరి సీతారామరాజు చింతపల్లి, కృష్ణదేవిపేట, రాజవొమ్మంగి ఠాణాల మీద వరుసగా పడి తుపాకులతో పాటు తూటాలూ పట్టుకుపోయాడు. 1946–51 తెలంగాణ సాయుధ పోరాటంలో ఒడిసెల రాళ్లతో మొదలుపెట్టిన రైతులు భర్మార్లనూ వాడారు.

నేటి గురిపందాలు

ఒలింపిక్ రైఫిల్ పోటీల క్రీడాకారులకు మాత్రం చేతి తయారీ అవసరం పెద్దగా పడలేదు. హైదరాబాదీ గగన్ నారంగ్ 2012 లండన్ ఒలింపిక్స్‌లో కాంస్యం గెలిచిన 10 మీటర్ల ఎయిర్ రైఫిల్‌లో మందే ఉండదు, 4.5 మిల్లీమీటర్ల సీసపు పెల్లెట్లు గాలి ఒత్తిడితో వెళతాయి. పాయింట్ 22 తూటాకు ప్రైమర్ మందు అంచులోనే ఉంటుంది కనుక మామూలుగా మళ్లీ నింపరు. పోటీదారుల ప్రయోగమల్లా ఎంపికలోనే: వేర్వేరు బ్యాచ్‌ల పెల్లెట్లు పేల్చి చూసి, తమ బ్యారెల్‌కు ఏది దగ్గరగా గుంపు కడితే ఆ బ్యాచ్‌వే కొనుక్కుంటారు.