మాచయ్య నుండి ఐలమ్మ వఱకు

పాల్కురికి సోమనాథుఁడు ఓరుగల్లు సీమలోని పాలకుర్తివాఁడని మనమును, కన్నడదేశమువాఁడని కొందఱు పండితులును వాదించుకొందుము. ఆ తగవు ఎటు తేలినను, 13వ శతాబ్దమున ఆ మహాకవి రాజులను కాదని భక్తులను కథానాయకులుగా వరించి, దేశీయమైన ద్విపదలో బసవపురాణమును రచించి, మడివాలు మాచయ్య యను రజకుని బసవేశ్వరుని దానగర్వమునే అణఁచినవానిగా నిలిపెననుట నిర్వివాదము.

కావ్యమున లభించిన ఆ గౌరవము పొలమునకు దిగిరాలేదు. నైజాము పాలనలో దేశ్‌ముఖుల గడీలకు రజకులు కూలి లేక బట్టలుతుకుచు, వెట్టిచాకిరిలో తరతరములుగా మగ్గిరి. మల్లంపల్లి భూస్వామికడ భూమిని కౌలునకుఁ గొని, ఆంధ్రమహాసభలో, అనఁగా జనులు 'సంగం' అని పిలుచుకొన్న దానిలో, చేరిన పాలకుర్తి రజకస్త్రీ చిట్యాల ఐలమ్మ పంటపై విసునూరు దేశ్‌ముఖ్ రామచంద్రారెడ్డి కన్నుపడి, కోఁతకు మనుష్యులను పంపఁగా, సంగమువారు ఆ పంటను తామే కోసి ఆమె యింటికిఁ జేర్చిరి. తెలంగాణ సాయుధపోరాట చరిత్రలో 1946 జూలై 4న కడవెండిలో నేలకొరిగిన దొడ్డి కొమరయ్య పేరు ముందుగా వినఁబడును గాని, ఆ ధైర్యమునకు బీజము ఈ ధాన్యమందే యున్నదని నా తలంపు.

ఐలమ్మ 1985 సెప్టెంబరు 10న కన్నుమూసెను. ఒకప్పుడు బ్రిటిషు రెసిడెంటు నివసించిన కోఠి సౌధమునఁ బెరిగిన మహిళా విశ్వవిద్యాలయమునకు 2024లో ఆమె పేరు పెట్టిరి.

పేరు పెట్టుట వేఱు, లెక్కలోఁ జేర్చుట వేఱు. ఫ్రాన్సునందు 1983లో వలసకుటుంబముల యువజనులు సమానత్వముఁ గోరి మార్సేయి నుండి పారిసు వఱకు నడచిరి; అయినను పౌరులందఱు సమానులే కనుక వారిని జాతులవారీగా లెక్కింపరాదని ఆ ప్రభుత్వము నేఁటికిని పట్టుపట్టుచున్నది. ఉదాత్తముగాఁ దోఁచు ఈ వాదము వివక్షకు మఱుఁగగుచున్నది. లెక్కకెక్కని బాధను లేదని కొట్టివేయుట సులభము గదా! తెలంగాణ ప్రభుత్వము 2024 నవంబరులో ఇంటింటికిఁ బోయి కులసర్వే చేయించి, ముస్లిము వర్గములతోఁ గూడి వెనుకబడిన తరగతులు 56.33 శాతమని 2025 ఫిబ్రవరిలో ప్రకటించెను. ఈ మార్గమే మేలు.

కావ్యమున మాచయ్యకుఁ జోటు దొరకెను. విద్యాలయమునకు ఐలమ్మ పేరు దొరకెను. 2009 నుండి పాలకుర్తి శాసనసభాస్థానమున గెలిచినవారిలో మాత్రము రజకులెవ్వరును లేరు.