ఆపాదన దోషం

ఎదుటివారి ప్రవర్తనకు పరిస్థితులను పక్కనబెట్టి, వారి స్వభావమే కారణమని తేల్చేసే ధోరణి. ఇతరులపై తొందరపాటు తీర్పులకు ఇదొక ముఖ్య మూలం. ఆలస్యంగా వచ్చినవారిని బద్ధకస్తులంటాం. మనకు ఆలస్యమైతే బస్సు రాలేదంటాం.

మనస్తత్వవేత్త ఫ్రిట్జ్ హైడర్ 1958 నాటి గ్రంథం ఇలాంటి ఆపాదనల అధ్యయనానికి పునాది. 1967లో ఎడ్వర్డ్ జోన్స్, విక్టర్ హారిస్ దీనిపై ఒక ప్రయోగ ఫలితాలు ప్రచురించారు. క్యూబా నేత ఫిడెల్ కాస్ట్రోను సమర్థించే వ్యాసాన్ని రచయిత తనకు అప్పగించినందుకే రాశాడని తెలిసినా, పాఠకులు అందులో అతని సొంత అభిప్రాయాన్నే చూశారు. 1977లో మనస్తత్వవేత్త లీ రాస్ ఈ ధోరణిని ‘మౌలిక ఆపాదన దోషం’ అన్నారు.

సంస్కృతిని బట్టి ఇది మారుతుంది. పరిశోధకురాలు జోన్ మిల్లర్ 1984 అధ్యయనంలో అమెరికా పెద్దలకంటే మైసూరు పెద్దలు పరిస్థితులను ఎక్కువగా లెక్కలోకి తీసుకున్నారు.

తప్పును తప్పనడం అవసరమే. కారణం విచారించకుండా మనిషిపై ముద్ర వేయడం మాత్రం అన్యాయం.