జాబితా నుంచి లాగిన్‌కు

ఒకప్పుడు పదో తరగతి ఫలితాలు దినపత్రికల్లో హాల్ టికెట్ నంబర్ల వరసలుగా అచ్చయ్యేవి. తన నంబరు వెతుక్కునే పిల్లవాడికి పక్క నంబరు ఉందో లేదో కూడా తెలిసిపోయేది. ఫెయిలైనవాడికి అది నరకమే, కానీ లెక్క మాత్రం అందరి ముందూ ఉండేది. తర్వాత ఫలితాలు వెబ్‌లోకి మారాయి. వెబ్ తొలిరోజుల్లో చిన్న సమాచారం కావాలన్నా పేజీ మొత్తం మళ్లీ తెప్పించుకోవాల్సి వచ్చేది. 1999లో ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్ 5తో వచ్చిన ఎక్స్‌ఎంఎల్‌హెచ్‌టీటీపీ అనే సాధనం ఆ పద్ధతిని మార్చింది. పేజీ కదలకుండా కావలసిన ముక్కను మాత్రమే సర్వర్ నుంచి తెప్పించుకోవచ్చు. 2005లో ఈ తరహాకు అజాక్స్ అన్న పేరు స్థిరపడింది, 2015 నాటికి బ్రౌజర్లలో అదే పని చేసే ఫెచ్ చేరింది. ఇప్పుడు ఫలితాల సైట్‌లో హాల్ టికెట్ నంబరు కొడితే, సర్వర్‌తో మాట్లాడే ఏపీఐ ఆ ఒక్కరి వివరాలే పంపుతుంది. సౌకర్యం పెరిగింది, పక్కవరస కనబడకుండా పోయింది.

ఈ తేడా బడిపిల్లల కన్నా హైదరాబాద్‌లోని అశోక్‌నగర్‌కే ఎక్కువ తగిలింది. కోచింగ్ సెంటర్లకూ, చిక్కడపల్లి సిటీ సెంట్రల్ లైబ్రరీకీ మధ్య ఏళ్లు గడిపే గ్రూప్స్ ఉద్యోగ పరీక్షల అభ్యర్థికి తన మార్కు ఒక్కటే తెలిస్తే సగమే తెలిసినట్టు. ర్యాంకు తేలేది ఇతరుల మార్కులతో పోల్చినప్పుడే. 2025 మార్చి 10న తెలంగాణ పబ్లిక్ సర్వీస్ కమిషన్ 563 పోస్టుల గ్రూప్-1 మెయిన్స్ మార్కులను ఎవరి లాగిన్‌లో వారికే చూపింది. అందరి మార్కులతో కూడిన జనరల్ ర్యాంకింగ్ జాబితా మార్చి 30న గాని రాలేదు. సమాచారం ఒక్కటే, అడిగే దారులు వేరు.

జాబితా పెడితే గోప్యత పోదా అనవచ్చు. పదో తరగతి పిల్లల విషయంలో ఆ అభ్యంతరం న్యాయమే. కానీ ప్రభుత్వ ఉద్యోగపు పోటీలో పేర్లు లేకుండా హాల్ టికెట్ నంబర్లు వేస్తే చాలు. సర్వర్ కూలిపోతుందన్న మాటకు బలం ఇంకా తక్కువ: ఒక్కొక్కరి ప్రశ్నకూ డేటాబేస్ తడమడం కన్నా, మారని ఒకే పీడీఎఫ్‌ను లక్షమందికి పంచడమే తేలిక. తప్పు ఫెచ్‌ది కాదు, ఎంత చూపాలో నిర్ణయించినవారిది. జాబితా వచ్చాక కోర్టుకెళ్లినవారు, ఎంపికైనవారిలో కొన్ని పరీక్షా కేంద్రాల వాటా అసాధారణంగా ఉందని వాదించారు, కమిషన్ ఖండించింది. ఆ వాదన నిలుస్తుందా అన్నది వేరే సంగతి. ఎవరి మార్కులు వారికే కనిపించే లాగిన్ తెరను చూసి మాత్రం ఎవరూ అలాంటి లెక్క వేయలేరు, వేసినవారిని ఖండించనూ లేరు.