వెళ్ళొస్తామంటే ఒప్పుకోని ఇళ్ళు

1781 జనవరి మొదటి వారంలో బెనెడిక్ట్ ఆర్నాల్డ్ నడిపిస్తున్న బ్రిటిష్ సేన వర్జీనియా రాజధాని రిచ్‌మండ్‌లోకి చొరబడి ఊరికి నిప్పు పెట్టింది. అక్కడికి యాభై మైళ్ళ దూరంలో, విలియమ్స్‌బర్గ్‌లోని విలియం అండ్ మేరీ కాలేజీ విద్యార్థులు కొందరు తమ సంఘం కాగితాలను ఏం చేయాలో తేల్చుకోవడానికి కూడారు. 1776 డిసెంబరు 5న ఐదుగురు స్నేహితులు పెట్టుకున్న ఆ రహస్య సంఘం పేరు ఫై బీటా కాపా. కాగితాలకు సీలు వేసి కాలేజీ స్టూవర్డ్‌కు అప్పగించారు. సంఘాన్ని రద్దు చేయలేదు. మంచిరోజులు వస్తే మళ్ళీ తెరుద్దామన్నదే వాళ్ళ ఆశ. అక్కడి శాఖ మళ్ళీ తెరుచుకునేసరికి 1851 వచ్చింది.

గ్రీకు అక్షరాల పేర్లతో నడిచే అమెరికా కాలేజీ సంఘాల చరిత్రలో మొదటి విరామం అది. తెలుగువాళ్ళు గడప దాటుతూ ‘వెళ్తాను’ అనరు, ‘వెళ్ళొస్తాను’ అంటారు. ఆ మాటలో తిరిగి రావడం కూడా ఉంది. ఈ సంఘాల్లో చేరడానికి పెద్ద తంతు ఉంది. చనిపోయినవాళ్ళను తలుచుకోవడానికి అందమైన మాటలున్నాయి. ఆల్ఫా కాపా ఆల్ఫాలో కన్నుమూసిన సభ్యురాలిని ‘గోడ అవతలి ఐవీ తీగ’ అంటారు. బతికుండి, కొన్నాళ్ళు పక్కకు తప్పుకుని, మళ్ళీ వస్తాననే మనిషిని ఏమనాలన్నది మాత్రం చాలాకాలం తేలలేదు.

ఈ సంఘాల కట్టుబాటే అలాంటిది. న్యూయార్క్ రాష్ట్రంలోని యూనియన్ కాలేజీలో 1825లో కాపా ఆల్ఫా సొసైటీ, 1827లో సిగ్మా ఫై, డెల్టా ఫై పుట్టాయి. మగపిల్లల ఫ్రటర్నిటీలకు దారి వేసింది అవే. ప్రమాణం చేస్తే జీవితాంతం సోదరులే. తర్వాతి కాలంలో ఆ సోదరులు ఒకే ఇంట్లో ఉండడం మొదలైంది. అద్దె, వంటమనిషి జీతం, చలికాలం బొగ్గు ఖర్చు, అన్నీ తలా ఇంత పంచుకోవాలి. ఒకరు తప్పుకుంటే ఆ వాటా మిగిలినవాళ్ళ మీద పడుతుంది. చందా కట్టి, సమావేశాలకు వచ్చేవారిని ‘యాక్టివ్’ అన్నారు, డిగ్రీ పుచ్చుకుని వెళ్ళినవారిని పూర్వ విద్యార్థులన్నారు. పెళ్ళయి వెళ్ళినా ఆడపడుచు పుట్టింటి మనిషే అయినట్టు, కాలేజీ వదిలినా వాళ్ళు సంఘం మనుషులే. ఆ రెండింటి నడుమ ఉండిపోయినవారికే చోటు లేదు.

ఆడపిల్లలు ఈ ఇళ్ళలోకి రావడానికి వేరే తలుపు కట్టుకోవలసి వచ్చింది. ఇండియానాలోని యాస్బరీ కాలేజీలో (ఇప్పుడది డిపా యూనివర్సిటీ) బెట్టీ లాక్ అనే విద్యార్థిని ఉండేది. ఫై గామా డెల్టా కుర్రాళ్ళు తమ బ్యాడ్జి పెట్టుకోమని ఆమెను అడిగారట. పూర్తి సభ్యత్వం ఇస్తేనే పెట్టుకుంటానంది. వాళ్ళు సభ్యత్వం ఇవ్వలేదు గాని, ఒక వెండి కేకుల బుట్టను కానుకగా పంపారు. 1870 జనవరి 27న ఆమె మరో ముగ్గురితో కలిసి కాపా ఆల్ఫా థీటాను స్థాపించింది. అంతకు మూడేళ్ళ ముందే ఇలినాయ్‌లోని మాన్‌మత్ కాలేజీలో పన్నెండుమంది అమ్మాయిలు ఐ.సి. సొరోసిస్ పెట్టారు. తర్వాత అదే పై బీటా ఫై అయింది. అప్పటికి ఆడవాళ్ళ సంఘాలకు ప్రత్యేకంగా పేరు లేదు, వాళ్ళూ తమవి ఫ్రటర్నిటీలనే చెప్పుకునేవారు. ‘సొరోరిటీ’ అన్న మాటను 1882లో సిరక్యూస్ యూనివర్సిటీ లాటిన్ ఆచార్యుడు ఫ్రాంక్ స్మాలీ గామా ఫై బీటా కోసం కల్పించాడు.

మాన్‌మత్ కథ దగ్గర కాసేపు ఆగాలి. 1870లో అక్కడే కాపా కాపా గామా కూడా పుట్టింది. కాలేజీ పెద్దలకు రహస్య సంఘాలంటే గిట్టదు. నిషేధం వచ్చాక అమ్మాయిలు కొన్నేళ్ళు గుట్టుగా నడిపి, చివరికి 1884లో శాఖను మూసుకున్నారు. తల్లిశాఖ మూతపడినా ఇతర ఊళ్ళలో దాని పిల్లశాఖలు పెరుగుతూనే ఉన్నాయి. మాన్‌మత్‌లో కాపా దీపం మళ్ళీ వెలిగింది 1934లో, అంటే యాభై ఏళ్ళకు. మూసిననాటి అమ్మాయిలకు మనవరాళ్ళు పుట్టి కాలేజీకి వచ్చేంత కాలం అది. తొలిశాఖగా దానికున్న ‘ఆల్ఫా’ అన్న పేరు మాత్రం ఆ శాఖదిగానే ఉండిపోయింది.

ఊరూరా నిషేధాలు వస్తున్న ఆ కాలంలో విరామమంటే ఒక సంతకం. 1855లో ప్రిన్స్‌టన్ అధ్యక్షుడు జాన్ మెక్లీన్ రహస్య సంఘాలను నిషేధించాడు. చేరబోమని ప్రతి విద్యార్థీ రాసివ్వాలి. పర్డ్యూ యూనివర్సిటీ కూడా అలాంటి హామీ అడిగితే, ప్రవేశానికి దాన్ని షరతుగా పెట్టకూడదని 1882లో ఇండియానా సుప్రీంకోర్టు అడ్డుకుంది. మిసిసిపీలో మరోలా జరిగింది. 1912లో ఆ రాష్ట్ర శాసనసభ ప్రభుత్వ కాలేజీల్లో ఈ సంఘాలను నిషేధించింది. అప్పటికే మరో కాలేజీలో కాపా సిగ్మా సభ్యుడైన వా అనే యువకుడు రాష్ట్ర యూనివర్సిటీలో న్యాయశాస్త్రం చదవాలనుకున్నాడు. సంఘంతో సంబంధం వదులుకుంటున్నానని సంతకం చేస్తేనే సీటు అన్నారు. అతను దేశ అత్యున్నత న్యాయస్థానం దాకా వెళ్ళి 1915లో ఓడిపోయాడు. ఇలాంటి సంఘాలు చదువుకు అడ్డమో కాదో తేల్చుకోవలసింది రాష్ట్రమేనంది కోర్టు. 1926లో మిసిసిపీ ఆ చట్టాన్ని ఎత్తేసింది. జీవితాంతమని ఒకచోట ఒట్టు వేసి, అదేమీ లేదని మరోచోట సంతకం పెట్టాలంటే ఇరవై ఏళ్ళ కుర్రాడి మనసు ఎంత నలిగి ఉంటుందో ఆ తీర్పులో కనిపించదు.

యుద్ధాలు వచ్చినప్పుడు ఎవరి అనుమతీ అవసరం లేకపోయింది. 1918లో విద్యార్థి సైనిక శిక్షణ దళం కోసం ఎన్నో ఫ్రటర్నిటీ ఇళ్ళు బ్యారక్‌లయ్యాయి. రెండో ప్రపంచ యుద్ధంలో మనుషులే లేక శాఖలు తాళాలు వేసుకున్నాయి. ఆ సభ్యులను ఎవరూ ద్రోహులనలేదు.

హోవర్డ్ యూనివర్సిటీలో నల్లజాతి విద్యార్థినులు రాసుకున్న చరిత్ర వేరు. 1908 జనవరి 15న అక్కడ ఆల్ఫా కాపా ఆల్ఫా పుట్టింది. ఐదేళ్ళకు అందులోని యువసభ్యులు పేరు మార్చాలని, సమాజంలోకి వెళ్ళి పనిచేయాలని పట్టుబట్టారు. పాత సభ్యులు ఒప్పుకోలేదు. 1913 జనవరి 13న ఇరవై ఇద్దరు బయటికొచ్చి డెల్టా సిగ్మా థీటాను స్థాపించారు. మార్చి 3న వాషింగ్టన్ వీధుల్లో మహిళల ఓటుహక్కు ఊరేగింపులో నడిచారు. ఈ సంఘాల్లో కాలేజీ రోజులు తొలి అధ్యాయం మాత్రమే, డిగ్రీ తర్వాత చేరే శాఖల్లోనే అసలు పని. అందుకే వెళ్ళొస్తాననే మనిషికి ముందుగా చోటు దొరికింది ఇక్కడేనని చెప్పాలి. చందా కట్టి పనిలో ఉన్నవారిని ‘ఫైనాన్షియల్’ అంటారు, కట్టనివారిని ‘ఇనాక్టివ్’ అంటారు. పిల్లల పెంపకంలోనో, ఉద్యోగపు ఒత్తిడిలోనో ఏళ్ళ తరబడి దూరమైనవాళ్ళను తిరిగి రమ్మని సంఘాలే పిలుస్తాయి. ఆ తిరిగి రావడానికి ‘రీయాక్టివేషన్’ అని పేరుంది.

కొందరు మనస్సాక్షి ఒప్పుకోక తప్పుకున్నారు. 1930ల ఆరంభంలో స్వార్త్‌మోర్ కాలేజీలో కాపా ఆల్ఫా థీటా సభ్యురాలు మాలీ యార్డ్, తన యూదు స్నేహితురాలిని చేర్చుకోలేదని కడుపు మండి ఉద్యమం నడిపింది. అక్కడి సొరోరిటీలన్నీ రద్దయ్యేదాకా అది ఆగలేదు. ఆమె తర్వాత అమెరికా జాతీయ మహిళా సంస్థకు అధ్యక్షురాలైంది. 1948లో ఆమ్‌హర్స్ట్‌లోని ఫై కాపా సై శాఖ థామస్ గిబ్స్ అనే నల్లజాతి విద్యార్థిని చేర్చుకుంది. జాతీయ సంఘం శాఖను సస్పెండ్ చేస్తే, ఆ కుర్రాళ్ళు వెనక్కి తగ్గలేదు, ఫై ఆల్ఫా సై అని పేరు మార్చుకుని సొంతంగా నిలబడ్డారు. ఈ సంఘాల ఇన్నేళ్ళ గొప్పల్లో ఇంతకు మించినది లేదు.

ఒక మనిషి, ఒక సెమిస్టరు అన్న లెక్కలో విరామం ఇటీవలి మాట. 1902లో ఏర్పడిన నేషనల్ పాన్‌హెలెనిక్ కాన్ఫరెన్స్‌లో ఇప్పుడు 26 సొరోరిటీలున్నాయి. ఒక్కోదానికి ఒక్కో పద్ధతి, ఒక్కో పేరు. బళ్ళో బోధన శిక్షణ, ఇంకో ఊళ్ళో ఇంటర్న్‌షిప్, విదేశంలో చదువు, అనారోగ్యం, డబ్బు ఇబ్బంది వంటివి సాధారణంగా ఒప్పుకునే కారణాలు. అర్జీ పెట్టుకోవాలి, శాఖ అధికారులు ఒప్పుకోవాలి, కొన్నిచోట్ల ప్రధాన కార్యాలయం దాకా వెళ్ళాలి. చందా తగ్గవచ్చు, కానీ గదికి రాసిచ్చిన ఒప్పందం చాలాచోట్ల అలాగే ఉంటుంది. అన్నిటికన్నా గట్టి నియమం ఇంకోటుంది. దీక్ష పుచ్చుకున్న అమ్మాయి రాజీనామా చేస్తే, ఆ 26లో మరోదానిలో ఎప్పటికీ చేరలేదు.

2020 వేసవిలో జార్జ్ ఫ్లాయిడ్ హత్య తర్వాత ఆ నియమం చాలామందికి ఒకేసారి ఎదురైంది. వాండర్‌బిల్ట్ యూనివర్సిటీలో వందలమంది ఫ్రటర్నిటీలను, సొరోరిటీలను వదిలేశారు. ఆ ఉద్యమం డ్యూక్ వంటి ఇతర క్యాంపస్‌లకూ పాకింది. వాళ్ళకు సెలవు అక్కర్లేదు, పూర్తిగా బయటికి రావడమే కావాలి.

ఈ కథ తెలుగు ఇళ్ళకు చేరింది టెక్సస్ దారిలో. 1965 వలస చట్టం తర్వాత వచ్చిన భారతీయ కుటుంబాల పిల్లలు కాలేజీలకు ఎదిగాక, 1998లో ఆస్టిన్‌లో కాపా ఫై గామా, హ్యూస్టన్‌లో డెల్టా ఫై ఒమేగా అనే దక్షిణాసియా సొరోరిటీలు మొదలయ్యాయి. కన్నవాళ్ళు గుంటూరులోనో వరంగల్‌లోనో హాస్టల్లో చదివినవాళ్ళు. కూతురు ఫోన్ చేసి ‘ఈ సెమిస్టరు ఇనాక్టివ్ అయ్యానమ్మా’ అంటే, ఏదో తప్పు జరిగిందేమోనని గుండె జారుతుంది. చదువుకోసమో, నిద్రకోసమో, మనసు కుదుటపడ్డానికో అడిగిన సెలవు కావచ్చు అది. రాజీనామా అయితే తిరిగి రావడం అంత సులువు కాదు. అందుకే ఆ అమ్మాయిని తిట్టకుండా, కంగారు పడకుండా మొదట అడగవలసిన ప్రశ్న ఒకటుంది: ‘ఏ కాగితం మీద సంతకం పెట్టావమ్మా?’