వెల్డింగ్ ముసుగు చరిత్ర: నల్లద్దం నుంచి ద్రవ స్ఫటికం దాకా

విద్యుత్ చాపం, అంటే రెండు విద్యుత్ ధ్రువాల నడుమ నిలకడగా వెలిగే తీవ్రమైన జ్వాల, ఇనుమును అతకడానికి పనికి రాకముందే మనిషి కంటికి హాని చేసింది. పందొమ్మిదో శతాబ్ది ఆరంభంలో రష్యాలో వసీలీ పెత్రోవ్, ఇంగ్లండులో హంఫ్రీ డేవీ ఈ చాపాన్ని ప్రయోగశాలలో వెలిగించి చూపిన తరువాత, దాని దగ్గర పనిచేసిన వారికి కళ్ళు మండడం, నీరు కారడం, ముఖం కందిపోవడం వంటి బాధలు కలుగుతూ వచ్చాయి. 1858లో ఫ్రెంచి వైద్యుడు షార్కో, విద్యుత్ జ్వాలతో పదార్థాలను కరిగించబోయి ఈ బాధకు గురైన ఇద్దరు రసాయన శాస్త్రజ్ఞుల ఉదంతాన్ని ప్రకటిస్తూ, దీనికి కారణం వేడి కాదనీ, ఆనాడు రసాయన కిరణాలని వ్యవహరించిన అదృశ్య కిరణాలనీ ఊహించాడు. ఆ ఊహను 1889లో స్వీడన్ నేత్రవైద్యుడు విడ్‌మార్క్ ప్రయోగాలతో రుజువు చేశాడు. నేడు అతినీలలోహిత కిరణాలుగా తెలిసిన ఇవి కంటి ముందుభాగాన ఉండే పారదర్శకమైన పొరను, అంటే కార్నియాను, కాల్చినట్టే దెబ్బతీస్తాయి. ఆ దెబ్బ వెంటనే తెలియదు. ఆరు నుంచి పన్నెండు గంటలు గడిచాక, సాధారణంగా పని ముగించి ఇంటికి చేరిన రాత్రి వేళ, కళ్ళలో ఇసుక పోసినట్టు నొప్పి మొదలై ఒకటి రెండు రోజులు బాధిస్తుంది.

కనిపించే వెలుగు వేరు, కనిపించకుండా హాని చేసే కిరణం వేరు అన్న ఈ భేదమే వెల్డింగ్ ముసుగు చరిత్రకు ఇరుసు. ఆ భేదం తెలియని కాలంలో ఒక రకమైన నష్టం జరిగితే, తెలిసిన తరువాత కూడా రెండింటినీ ఒకే నల్లద్దానికి అప్పగించడం వల్ల మరొక రకమైన నష్టం చాలా కాలం కొనసాగింది.

నికొలాయ్ బెనర్దోస్, స్తనిస్లావ్ ఓల్షెవ్‌స్కీ బొగ్గుకడ్డీ చాపంతో లోహాలను అతికే పద్ధతికి 1885 నుంచి పేటెంట్లు పొందగా, 1888లో నికొలాయ్ స్లావ్యానోవ్ బొగ్గుకు బదులు తానే కరిగి అతుకులో కలిసిపోయే లోహపు కడ్డీని వాడి, నేటి వెల్డింగ్ రాడ్డుకు మూలరూపం కల్పించాడు. ఆ తొలినాళ్ళలో పనివారికి దొరికిన రక్షణ, ఒక చేత్తో ముఖానికి అడ్డంగా పట్టుకునే పలక, దాని నడుమ ఒకదానిమీద ఒకటి పేర్చిన రంగు గాజు ముక్కలు. మిరుమిట్లు తగ్గితే చాలునన్నదే అప్పటి ప్రమాణం కావడంతో, గాజును దాని నలుపును బట్టి ఎంచుకున్నారే గాని, అది ఏ కిరణాన్ని ఆపుతున్నదో కొలిచినవారు అరుదు.

ఆ కొలతకు ప్రేరణ వెల్డింగ్ నుంచి కాక, గాజు కొలుముల నుంచి వచ్చింది. కరిగిన గాజు ఎదుట ఏళ్ళ తరబడి నిలిచే పనివారి కళ్ళకు ముందుగానే శుక్లాలు వస్తున్న సంగతిని పరిశీలించడానికి లండన్‌లోని రాయల్ సొసైటీ ఒక సంఘాన్ని నియమించగా, ఆ సంఘం తరఫున వృద్ధ రసాయన శాస్త్రజ్ఞుడు విలియం క్రూక్స్ గాజులో రకరకాల లోహపు ఆక్సైడ్లను కలిపి, మూడు వందలకు పైగా మిశ్రమాలను తయారుచేసి, ఒక్కొక్కటి అతినీలలోహిత కిరణాలను ఎంత ఆపుతుందో, వేడిని మోసే పరారుణ కిరణాలను ఎంత ఆపుతుందో, వెలుగును ఎంత రానిస్తుందో విడివిడిగా కొలిచాడు. 1913లో సమర్పించిన ఆయన పరిశోధనా పత్రంలోని అసలు విలువ, సీరియం వంటి మూలకాలు కలిసిన గాజు కంటికి దాదాపు తేటగా కనిపిస్తూనే హానికర కిరణాలను అడ్డుకోగలదని చూపడంలో ఉంది. నలుపు, రక్షణ ఒకటి కావని ఈ పని సూటిగా తేల్చింది. అప్పటికి ఎనభై ఏళ్ళు దాటిన మనిషి కార్మికుల కళ్ళ కోసం ఇంత ఓపికగా పనిచేయడం గౌరవంతో తలచుకోదగినది. అమెరికాలో బ్యూరో ఆఫ్ స్టాండర్డ్స్‌కు చెందిన కోబ్లెంజ్ కూడా మొదటి ప్రపంచ యుద్ధ కాలంలో ఇదే బాటన రక్షణ గాజులను పరీక్షించాడు.

తరువాత వచ్చిన ప్రమాణాలు ఈ జ్ఞానాన్ని షేడ్ నంబర్ల రూపంలోకి తెచ్చాయి. షేడ్ నంబరు అంటే గాజు ఎంత వెలుగును రానిస్తుందో తెలిపే అంకె, అది ఒకటి పెరిగిన ప్రతిసారీ లోపలికి వచ్చే వెలుగు అంతకు ముందున్న దానిలో సుమారు 37 శాతానికి పడిపోతుంది. 4వ నంబరు గాజు సుమారు 5 శాతం వెలుగును రానిస్తే, వంద ఆంపియర్ల దరిదాపుల్లో రాడ్డు వెల్డింగ్ చేసేవారు వాడే 10వ నంబరు గాజు సుమారు 0.014 శాతాన్ని మాత్రమే రానిస్తుంది.

ఈ చివరి అంకెలోనే పనివాడి ఇబ్బంది దాగి ఉంది. అంత నల్లని గాజులోంచి చాపం వెలిగాక అతుకు చక్కగా కనబడుతుంది గాని, వెలగక ముందు ఏమీ కనబడదు. రాడ్డు కొనను అతుకు గీత మీద సరిగ్గా ఆనించాలంటే తలకు తగిలించుకునే ముసుగును ఎత్తి ఉంచాలి, ఆనించబోయే క్షణాన తల విదిలించి దానిని ముఖం మీదికి దించుకోవాలి. ఆ దించడంలో రవ్వంత ఆలస్యమైతే కన్ను బయటపడుతుంది. ముక్కలను తాత్కాలికంగా నిలబెట్టే ట్యాకింగ్ పనిలో చిన్న చిన్న అతుకులు వరుసగా వేయవలసి రావడంతో, ముసుగు పక్కన పడేసి కళ్ళు మూసుకుని రాడ్డు తగిలించడం అలవాటుగా మారింది. దీనిని పనివారి నిర్లక్ష్యంగా చూడడం న్యాయం కాదు, పనిముట్టే చూపునూ రక్షణనూ ఒకదానికొకటి పోటీగా నిలిపింది.

పరిష్కారానికి మూలమైన పదార్థం, స్లావ్యానోవ్ తన పద్ధతిని రూపొందించిన 1888లోనే, ప్రాగ్‌లో వృక్షశాస్త్రజ్ఞుడు ఫ్రీడ్రిష్ రైనిట్జర్ కంటపడింది. ద్రవంలా ప్రవహిస్తూ, స్ఫటికంలా కాంతిని ప్రభావితం చేసే ఈ ద్రవ స్ఫటికాలకు గట్టి ఉపయోగం 1970 ప్రాంతంలో దొరికింది. కాంతి కంపనాలను ఒకే తలానికి పరిమితం చేసే రెండు పోలరాయిడ్ పలకలను ఒకదానికొకటి అడ్డదిశలో అమర్చి, నడుమ మెలితిరిగిన ద్రవ స్ఫటికపు పొరను ఉంచితే వెలుగు మెలిక వెంట తిరిగి బయటికి వస్తుంది, విద్యుత్తు పెట్టగానే మెలిక విడిపోయి దారి మూసుకుపోతుంది. చేతి గడియారాల అంకెలకు పనికొచ్చిన ఈ ఏర్పాటును వెల్డింగ్ ముసుగులో అమర్చి, చాపపు వెలుగును పసిగట్టే సెన్సర్లతో జోడించిన ఉత్పత్తిని 1981లో స్వీడన్‌కు చెందిన హోర్నెల్ సంస్థ స్పీడ్‌గ్లాస్ పేరుతో విడుదల చేసింది. ఇప్పటి మంచి ముసుగులు సెకనులో పదివేలో వంతు కన్నా తక్కువ వ్యవధిలో నల్లబడతాయి, మనిషి రెప్ప వేయడానికి సెకనులో సుమారు పదో వంతు పడుతుంది.

అయితే నల్లబడే వేగాన్నే రక్షణగా భావించడం పాత పొరపాటును కొత్త రూపంలో చేయడమే. ఈ ముసుగుల్లో ద్రవ స్ఫటికానికి ముందు, అతినీలలోహిత, పరారుణ కిరణాలను ఎల్లవేళలా ఆపే స్థిరమైన వడపోత పొర ఒకటి ఉంటుంది, బ్యాటరీ అయిపోయినా అది తన పని మానదు. క్రూక్స్ విడదీసి చూపిన రెండు బాధ్యతలు ఇక్కడ రెండు వేర్వేరు పొరలకు చెందాయి. కనుక ముసుగును ఎంచుకునేవారు మొదట ఆ వడపోత ప్రమాణాలకు లోబడి పరీక్షింపబడినదా అని చూడాలి, ఐరోపాలో చాలాకాలం అమలులో ఉన్న ఈఎన్ 379 గాని, అమెరికా ప్రమాణం ఆన్సీ జడ్87.1 గాని అందుకు గుర్తు. ఈఎన్ 379 ముద్రలో 1/1/1/2 వంటి నాలుగు అంకెలు చూపు స్పష్టతకు, వెలుగు చెదరకుండా ఉండటానికి, నలుపు సమంగా ఉండటానికి, పక్కచూపులో మార్పు లేకపోవడానికి సంబంధించినవి, ఒకటి అన్నిటికన్నా మేలు. తక్కువ కరెంటుతో చేసే ఆర్గాన్ వెల్డింగ్‌లో చాపం మసకగా ఉండి సెన్సర్లు పసిగట్టలేకపోవచ్చు, పైపుల నడుమ వంగి చేసే పనిలో ఒక సెన్సరుకు చెయ్యి అడ్డుపడవచ్చు, అందుచేత అలాంటి పనులకు నాలుగు సెన్సర్లున్నవి నయం.

తెలుగునాట వెల్డింగ్ పెద్దయెత్తున వ్యాపించడానికి, 1941లో విశాఖపట్నంలో శంకుస్థాపన జరిగిన ఓడల కర్మాగారం, 1966లో అక్కడే ఏర్పడిన భారత్ హెవీ ప్లేట్ అండ్ వెసల్స్ వంటి సంస్థలు తోడ్పడ్డాయి. వెల్డింగ్‌లో కంటి, ముఖ రక్షణకు ఐఎస్ 1179 అనే భారతీయ ప్రమాణం 1967 నాటికే ఉంది. 1948 నాటి ఫ్యాక్టరీల చట్టం 35వ సెక్షన్ మితిమీరిన వెలుగు వల్ల కంటికి ముప్పున్న పనుల్లో తెరలు గాని కళ్ళద్దాలు గాని ఇవ్వాలని నిర్దేశించే అధికారాన్ని రాష్ట్ర ప్రభుత్వాలకు ఇచ్చింది. కాని కరెంటు వాడే చోట పదిమంది పనివారుంటేనే ఆ చట్టం సాధారణంగా వర్తించేది కనుక, గేట్లు, కిటికీ గ్రిల్స్ చేసే ఇద్దరు ముగ్గురి దుకాణాలు దాని పరిధికి బయటే ఉండిపోయాయి.

ఆ సెక్షన్ పనిచేసేవారితో పాటు పనికి అతి సమీపంలో ఉండేవారిని కూడా పేర్కొన్నది. దుకాణంలో ఆ సమీపాన ఉండేది, ఇనుప యాంగిల్ ముక్కను కదలకుండా పట్టుకుని ముఖం పక్కకు తిప్పుకునే హెల్పరు. గోడ నుంచీ రేకు నుంచీ తిరిగి వచ్చే కిరణాలు అతని కళ్ళను వదలవు. వెల్డింగ్ నుంచి వెలువడే అతినీలలోహిత కిరణాలను అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధనా సంస్థ, కంటి మెలనోమాకు గల సంబంధాన్ని బట్టి, మనుషులకు క్యాన్సర్ కలిగించేవాటిలో చేర్చింది. అతుకు గీతను చూడవలసిన అవసరం హెల్పరుకు లేదు కనుక, వెల్డరుకు కొత్త ముసుగు వచ్చాక పక్కన పడే పాత 10వ నంబరు చేతి పలక, ప్రమాణాలకు లోబడి పరీక్షింపబడినదై, గాజు పగలకుండా ఉంటే, అతనికి పనికొస్తుంది.