మనిషి చిరునామా, పదవి చిరునామా



మీ ఊరి ఉన్నత పాఠశాలకు ఒక ఉత్తరం రాయాలనుకోండి. కవరు మీద ఏమని రాస్తారు? ప్రధానోపాధ్యాయుడి సొంత పేరు రాస్తే, ఆయనకు బదిలీ అయినప్పుడు ఆ ఉత్తరం ఆయన వెంట కొత్త ఊరికి పోతుంది, లేదా తిరుగు టపాలో మీకే వచ్చేస్తుంది. "ప్రధానోపాధ్యాయుడు" అని మాత్రమే రాస్తే, ఆ కుర్చీలో ఎవరున్నా ఉత్తరం చేరవలసిన చోటికి చేరుతుంది. ఈ చిన్న తేడాను ఇంటర్నెట్ నడిపే పెద్దలు గుర్తించి, దానికి తగిన ఏర్పాటు చేసుకోవడానికి చాలా ఏళ్ళు పట్టింది. ఇవాళ ఆ కథ ముచ్చటించుకుందాం.

మన సరిహద్దు జిల్లాల వాళ్ళకు ఇది కొత్త సంగతి కాదు. గ్రామ లెక్కలు చూసే ఆయనను తెలుగు నాట, తమిళనాట కరణం అన్నారు, కన్నడ సీమలో శానుభోగులు అన్నారు, మరాఠీ ప్రాంతంలో కులకర్ణి అన్నారు. పేరేదైనా పద్ధతి ఒకటే. ఊరి దస్త్రం ఆ ఇంటి పెట్టెలోనే ఉండేది. ఏ పొలానికి గట్టు ఎక్కడో ఆయనకే తెలుసు. ఆయన ఊళ్ళో లేకపోతే ఊరికి జవాబు చెప్పే దిక్కు లేదు. తమిళనాడులో 1980లో, ఆంధ్రప్రదేశ్‌లో 1984లో ఆ పదవులు రద్దయ్యాయి. వ్యక్తికి అంటిపెట్టుకున్న లెక్కను పదవికి అప్పగించడం ఎంత పెద్ద మార్పో ఆనాడు చూసినవాళ్ళకు తెలుసు. ఇంటర్నెట్‌లోనూ సరిగ్గా అలాంటి మార్పే జరిగింది.

ఇంటర్నెట్‌కు తల్లివేరు అమెరికాలోని అర్పానెట్. 1969 అక్టోబరు 29న లాస్ ఏంజెలస్‌లోని విశ్వవిద్యాలయం నుంచి మెన్లోపార్క్‌లోని స్టాన్‌ఫర్డ్ పరిశోధన సంస్థకు మొదటి సందేశం వెళ్ళింది. ఆ పరిశోధన సంస్థలోనే నెట్‌వర్క్ సమాచార కేంద్రం వెలిసింది. 1972లో ఎలిజబెత్ ఫైన్లర్ అనే విదుషి అక్కడ చేరారు. ఏ ఊళ్ళో ఏ కంప్యూటరు ఉంది, దానిలో ఏం దొరుకుతుంది, ఎవరిని అడగాలి అనే వివరాలతో ఒక పుస్తకం తయారు చేయడం ఆమె చేపట్టిన మొదటి పని. తరువాత ఆ కేంద్రాన్ని 1989 దాకా ఆమే నడిపారు. ఆ రోజుల్లో ఆ చిన్న లోకానికి ఆ కేంద్రమే కరణం ఇల్లు అనుకోండి.

పుస్తకం అచ్చయ్యేలోపలే అందులో సగం పాతబడేది. అందుకని 1982 మార్చిలో ఆ పట్టికను కంప్యూటరులోంచే అడిగి తెలుసుకునే పద్ధతిని ప్రకటించారు. దాని పేరు "హూ ఈజ్", అంటే "ఎవరు?" అని. 43వ నంబరు ద్వారం దగ్గరికి పోయి ఒక పేరు చెబితే చాలు, ఆ మనిషి చిరునామా, ఫోను నంబరు, మెయిలు పెట్టె పేరు బయటికి వచ్చేవి. చేరదలచిన ప్రతి మనిషీ తన పూర్తి పేరు, తపాలా చిరునామా, టెలిఫోను నంబరు ఇవ్వాలని 1985 నాటి పత్రం వివరంగా చెప్పింది. అందరూ అందరికీ తెలిసిన రోజులు కాబట్టి ఆ పద్ధతి సాఫీగా నడిచింది.

1988 నవంబరు 2న గట్టి దెబ్బ తగిలింది. ఒక విద్యార్థి వదిలిన పురుగు లాంటి ప్రోగ్రాము రాత్రికి రాత్రే వేల కంప్యూటర్లను కదలకుండా చేసింది. దాన్ని మోరిస్ పురుగు అంటారు. తప్పించుకోవాలని చాలామంది తమ కంప్యూటర్లను నెట్‌వర్క్ నుంచి ఊడదీశారు. ఊడదీసిన మరుక్షణం వాళ్ళకు మెయిలు కూడా పోయింది. మందు ఫలానా అని కనిపెట్టినవాళ్ళు ఒకచోట, అది కావలసినవాళ్ళు ఇంకొకచోట ఉండిపోయారు. అవతలి చోట బాధ్యుడెవరు, ఆయన ఫోను నంబరు ఏమిటి అన్న ప్రశ్న అప్పుడు ప్రాణం మీదికి వచ్చింది. ఆ నెలలోనే కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయంలో సెర్ట్ అనే అత్యవసర సహాయ కేంద్రాన్ని స్థాపించారు. ఫలానా మనిషి కాకుండా ఫలానా కేంద్రమే పిలిస్తే పలకాలన్న ఆలోచనకు అది పెద్ద బలం ఇచ్చింది.

ఈలోగా నెట్‌వర్క్ అమెరికా దాటింది. 1989 మేలో ఆమ్‌స్టర్‌డామ్‌లో ఐరోపా నిర్వాహకులు కలిసి రైప్ అనే సంఘం పెట్టుకున్నారు. 1992లో దాని కార్యాలయం మొదలైంది. ఆసియా, పసిఫిక్ ప్రాంతాలకు ఏపీనిక్ అనే సంస్థ 1993లో టోక్యోలో ప్రయోగంగా మొదలై, 1998లో ఆస్ట్రేలియాలోని బ్రిస్బేన్ నగరానికి మారింది. కంప్యూటర్లకు ఇచ్చే అంకెల చిరునామాలను పంచిపెట్టడం, ఏ అంకెలు ఎవరివో దస్త్రంలో రాసి ఉంచడం వీటి పని. ఒక విధంగా ఇవి ప్రపంచానికి రిజిస్ట్రారు కచేరీలు.

ఆ దస్త్రంలో ఒక్కొక్క సంగతికి ఒక్కొక్క పత్రం ఉంటుంది. ఫలానా అంకెల వరుస ఫలానా సంస్థది అని ఒక పత్రం. దానిలో పాలనకు ఎవరిని అడగాలి, సాంకేతిక విషయాలకు ఎవరిని అడగాలి అని రెండు గడులు. ఆ గడుల్లో పేరు రాయరు, ఒక చిన్న గుర్తు రాస్తారు. సాధారణంగా అది పేరులోని మొదటి అక్షరాలు, ఒక అంకె, చివర కచేరీ గుర్తు కలిసి ఉంటుంది. ఆ గుర్తు పట్టుకుని వెతికితే వ్యక్తి పత్రం దొరుకుతుంది.

చిక్కు ఇక్కడే వచ్చింది. ఒక కంపెనీకి వంద వరుసలు ఉన్నాయనుకోండి. వందింటిలోనూ ఒకే ఇంజనీరు గుర్తు ఉంది. ఆయన ఉద్యోగం మానేశాడు. ఇప్పుడు వంద పత్రాలు దిద్దాలి. ఎవరూ దిద్దరు. ఏళ్ళు గడిచినా అర్ధరాత్రి ఫోన్లు ఆయన ఇంటికే పోతుంటాయి. ఆయనకు నిద్ర చెడుతుంది, కంపెనీకి కబురు అందదు.

దీనికి విరుగుడుగా 1990లలో "రోల్" పత్రం అనే పద్ధతి వచ్చింది. రోల్ అంటే పాత్ర, మన మాటల్లో పదవి. ఇందులో మనిషి పేరుకు బదులు "నెట్‌వర్క్ నిర్వహణ విభాగం" వంటి పేరు ఉంటుంది. కార్యాలయం చిరునామా, అందరూ చూసే మెయిలు పెట్టె, విభాగం ఫోను నంబరు ఉంటాయి. దానికీ ఒక గుర్తు ఇస్తారు. దాని వెనుక ఉన్న మనుషులను సూచించే గడులూ ఉంటాయి. వంద వరుసల్లోనూ ఈ ఒక్క గుర్తు రాస్తే చాలు. మనుషులు మారినప్పుడు ఈ ఒక్క పత్రం దిద్దితే వందా దిద్దినట్టే. పత్రాన్ని ఎవరు పడితే వారు మార్చకుండా "సంరక్షకుడు" అనే తాళం కూడా వేస్తారు.

ఈ ఆలోచనకు మెయిలులో అప్పటికే ఒక పూర్వరూపం ఉంది. ప్రతి చోటా "పోస్ట్‌మాస్టర్" అనే పెట్టె తప్పక ఉండాలని 1982 నాటి నియమమే చెప్పింది. అక్కడ ఎవరి పేరూ తెలియని వాడు కూడా కబురు పెట్టడానికి ఒక గుమ్మం ఉండాలన్నది దాని ఉద్దేశం. 1997 మేలో ఆ జాబితాను పెంచారు. ఆకతాయి పనుల మీద ఫిర్యాదుకు "అబ్యూజ్", నెట్‌వర్క్ సమస్యకు "నాక్", భద్రతకు "సెక్యూరిటీ" అని పెట్టెల పేర్లు స్థిరపరిచారు.

చిరునామా పాతబడితే నష్టం ఫోను అందకపోవడంతో ఆగదు. అంకెల చిరునామాలు మొత్తం సుమారు 429 కోట్లే. 2011 ఫిబ్రవరి 3న వాటి మూల నిల్వ పంపకం ముగిసింది. కొత్తవి దొరకవు కాబట్టి పాతవాటికి ధర పెరిగింది. అప్పుడు దొంగల కన్ను దిక్కులేని పత్రాల మీద పడింది. మూతపడిన ఒక సంస్థ మెయిలు పెట్టె పేరు దస్త్రంలో ఇంకా ఉంటుంది. ఆ పేరుకు గడువు తీరిపోయి ఉంటుంది. దొంగ దాన్ని డబ్బు కట్టి తీసుకుంటాడు. ఆ పెట్టె నుంచి "మేమే యజమానులం" అని కచేరీకి రాస్తాడు. బీడు పొలాన్ని దొంగ పట్టాతో దున్నుకున్నట్టే ఇది.

అయితే పదవి చిరునామాతో అన్నీ తీరిపోయాయా? తీరలేదు. పదిమంది చేతిలో పాము చావదని మన పెద్దలు ఊరికే అనలేదు. అందరి పెట్టెను ఎవరో ఒకరు చూస్తారులే అని అందరూ అనుకుంటే ఎవరూ చూడరు. అందుకే 2010లో ఏపీనిక్ ప్రతి అంకెల వరుసకూ ఆపద వేళ పలికే బృందం పత్రం తప్పనిసరి చేసింది. ఆ పెట్టెలు నిజంగా పనిచేస్తున్నాయా అని 2019 నుంచి ఆరు నెలలకు ఒకసారి పరీక్ష పెడుతోంది. ఐరోపా వాళ్ళు ఏడాదికి ఒకసారి పరీక్షించాలని 2018లో నిర్ణయించుకున్నారు.

ఇంకొక కోణం కూడా ఉంది. దస్త్రాన్ని లోకమంతా చదవవచ్చు. వ్యక్తి పేరు, ఇంటి ఫోను అందులో ఉంటే ఆ మనిషికి మరుగు ఉండదు. 2018 మే 25న ఐరోపాలో వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం అమలులోకి వచ్చాక ఈ మాటకు చట్టబలం వచ్చింది. పదవి చిరునామా వల్ల కబురూ అందుతుంది, మనిషి గుట్టూ దక్కుతుంది. 43వ ద్వారం కూడా పాతబడింది. పేర్ల రిజిస్ట్రీలు చాలావరకు 2025 జనవరి 28 నుంచి ఆ ద్వారాన్ని తెరిచి ఉంచనక్కరలేదు. దాని చోట ఆర్‌డాప్ అనే కొత్త పద్ధతి వచ్చింది.

మన దేశం సంగతి చూద్దాం. 1986లో ఎర్నెట్ పేరుతో విద్యాసంస్థల నెట్‌వర్క్ ప్రారంభమైంది. 1995 ఆగస్టు 15న వి.ఎస్.ఎన్.ఎల్. సామాన్యులకు ఇంటర్నెట్ అందించింది. 2012లో ఏపీనిక్ కింద మన సొంత కచేరీ ఐరిన్ ఏర్పడింది. ఈనాడు ఒక కళాశాల గాని, బ్యాంకు గాని తన పేరున అంకెలు తీసుకుంటే, ఏ చిరునామా రాయాలన్న ప్రశ్న దాని ముందుకీ వస్తుంది.

శ్రోతలారా, మీలో పాఠశాలలు, సహకార సంఘాలు, గ్రంథాలయాలు నడిపేవాళ్ళు ఉన్నారు. మీ సంస్థ మెయిలు పెట్టె ఎవరి సొంత పేరు మీద ఉంది? ఫోను నంబరు ఎవరి జేబులో ఉంది? ఆ మనిషి రేపు బదిలీ అయితే తాళం చెవి ఎవరి చేతికి వస్తుంది? చార్జి అప్పగించేటప్పుడు బీరువాలు, బల్లలు, రిజిస్టర్లు లెక్కపెట్టి సంతకం తీసుకుంటాం. ఆ జాబితాలో ఈ రెండింటినీ చేర్చండి. పదవి పేరున చిరునామా పెట్టండి, దానిని రోజూ చూసే మనిషిని మాత్రం పేరు పెట్టి నియమించండి. కబురు ఎప్పుడు వచ్చినా తలుపు తీసే మనిషి ఉన్నప్పుడే ఆ చిరునామాకు విలువ.