తెలుగు అచ్చులూ ఫజ్జీ కొలతలూ

సూరత్‌లో ఆల్థాన్‌కు దగ్గర్లోని పాండేసరా డైయింగ్ మిల్లుల్లో, శాంపిల్ గుడ్డ పక్కన కొత్త గుడ్డ పెట్టి చూసే మాస్టర్ "ఎరుపు కాస్త ఎక్కువైంది" అంటాడు. 1965లో బర్క్లీ ఆచార్యుడు లోట్‌ఫీ జాదే ఆ 'కాస్త'కు లెక్క కట్టాడు. సమితిలో సభ్యత్వం 0కీ 1కీ నడుమ ఎంతైనా ఉండొచ్చన్నాడు; అలాంటివే ఫజ్జీ సమితులు. మరి అలాంటి రెండు సమితుల పోలిక ఎంత?

అందుకు పాత సూత్రమే అక్కరకొచ్చింది. ఆల్ప్స్ మొక్కల జాబితాలను పోల్చడానికి 1901లో పాల్ జకార్ ఉమ్మడి జాతుల సంఖ్యను మొత్తం జాతుల సంఖ్యతో భాగించాడు. ఫజ్జీ సమితుల్లో ఉమ్మడికి చిన్న విలువలు, మొత్తానికి పెద్దవి తీసుకుంటారు. రెండు వస్తువుల సభ్యత్వాలు ఒక సమితిలో (0.8, 0.4), ఇంకోదాంట్లో (0.6, 0.6) అనుకుంటే 1.0ని 1.4తో భాగించాలి, సుమారు 0.71.

ఈ చరిత్రలో మనకో వాటా ఉంది. కలకత్తా ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్‌కు చెందిన శంకర్ కె. పాల్, ద్విజేశ్ దత్తా మజుందార్ 1977లో, మాటల్లోని అచ్చులను కంప్యూటర్ చేత గుర్తింపజేసే పద్ధతిని ఫజ్జీ సమితులతో రూపొందించారు. పరీక్షకు తీసుకున్నది తెలుగు. ముగ్గురు మగవాళ్లు పలికిన మాటల్లోంచి ఒక్కో అచ్చుకు మూడు ఫార్మెంట్లు, అంటే గొంతూ నోరూ కలిసి మోగే ముఖ్య పౌనఃపున్యాలు, కొలిచారు. ఒక అచ్చు హద్దు ఇంకో అచ్చులోకి చొచ్చుకుపోతుంది కాబట్టే ఫజ్జీ అవసరమైంది. ఇ-ఈ, ఉ-ఊ, ఎ-ఏ, ఒ-ఓ జంటల్లో తేడా ప్రధానంగా నిడివిదే కనుక ఒక్కో జంటను ఒక్కో తరగతి చేశారు; అ, ఆ మాత్రం విడివిడి, ఎందుకంటే అక్కడ ధ్వని గుణమే మారుతుంది. మొత్తం ఆరు తరగతులు. బడిలో హ్రస్వదీర్ఘాలని ఒకే గాటన కట్టి నేర్చిన మనకు ఈ విడదీత ముచ్చటగా లేదూ! అలా కొలిచిన 871 అచ్చుల దత్తాంశం తర్వాత ఎన్నో ఫజ్జీ, న్యూరల్ పద్ధతులకు గీటురాయైంది.

మళ్లీ పోలిక కొలతల దగ్గరికొస్తే, 1983లో బల్గేరియాకు చెందిన క్రాసిమిర్ అతనసోవ్ సమితిలో సభ్యత్వం ఎంతో, సభ్యత్వం లేకపోవడం ఎంతో వేర్వేరుగా రాయమన్నాడు, మిగిలేది సందేహం. చిక్కు అక్కడే మొదలైంది. ఇలాంటి విలువలకే షి-మింగ్ చెన్ 1995లో ఇచ్చిన కొలత, అనుకూలంలోంచి ప్రతికూలాన్ని తీసేసి పోల్చింది. సభలో సగం మంది ఔనని, సగం కాదని ఓటేస్తే (0.5, 0.5). ఎవరూ ఓటే వేయకపోతే (0, 0). తీసివేస్తే రెండూ సున్నాయే, కాబట్టి పోలిక 1! 1999లో హాంగ్, కిమ్ ఈ లోపాన్ని ఎత్తిచూపారు. అయినా 2002లో లీ, చెంగ్ నమూనాల గుర్తింపు కోసం ఇచ్చిన కొలత కూడా ఈ రెండు సభలనూ విడదీయలేకపోయింది.

పోలండ్‌కు చెందిన ష్మిట్, కాట్స్‌ప్షిక్ 2000లోనే సందేహాన్ని మూడో అంకెగా లెక్కలోకి తెచ్చారు. వాళ్లిచ్చిన ఒక కొలతలో అవే రెండు సభల మధ్య దూరం 1. ఏకగ్రీవంగా ఔనన్న సభకూ, ఏకగ్రీవంగా కాదన్న సభకూ మధ్య దూరమూ అంతే.